పెట్టె మీద పేరు

పిల్లలూ,

మీలో చాలామంది నోటికి బాగా అలవాటైన వాక్యం ఒకటుంది: “మాకు ట్రాన్స్‌ఫర్ అయింది.” ఆర్డరు వచ్చేది ఇంట్లో ఒక్కరికే, నాన్నకో అమ్మకో. అయినా ఒకటో తరగతి చదివే పిల్ల కూడా పక్క క్వార్టరు ఆంటీతో “మాకు ట్రాన్స్‌ఫర్ అయింది” అనే చెబుతుంది. అందుకే ఈ వ్యాసంలో మేము ‘నేను’ అని రాయడం లేదు. పన్నెండేళ్ల ఉద్యోగంలో మావి అయిదు ఊళ్లు. ఖరగ్‌పూర్, భిలాయ్, జోధ్‌పూర్, ఆ తర్వాత ఈశాన్యంలో ఒక కంటోన్మెంటు, ఇప్పుడున్న ఈ ఊరు. బడిలో పాఠం చెప్పేది ఒక్కరే అయినా ప్రతిసారీ ఊరు మారింది మాత్రం ముగ్గురం.

మా ఇంట్లో ఆరు నల్ల ట్రంకు పెట్టెలున్నాయి. మీ ఇంట్లోనూ ఉండే ఉంటాయి. వాటి మీద తెల్ల పెయింటుతో పేరు, దాని కింద ఊరు రాసి ఉంటాయి. బదిలీ అయినప్పుడల్లా పాత ఊరి మీద నల్ల రంగు పూసి, ఆరాక కొత్త ఊరి పేరు రాస్తాం. అయిదు ఊళ్లు మారేసరికి ఆ చోట రంగు పొరలు పొరలుగా పేరుకుపోయింది. పైనున్న పేరు మాత్రం మొదటిసారి రాసిందే. లారీలో పెట్టెలు ఎలా దొర్లినా, ఏది కిందికి పోయి ఏది పైకి వచ్చినా, దించేటప్పుడు ఏ పెట్టె ఎవరిదో పేరు చూస్తే తెలిసిపోతుంది.

ఈ పెట్టెల సంగతికీ ఇంగ్లీషు వ్యాకరణానికీ సంబంధం ఉందని మాకు ఒక పిల్లవాడి వల్ల తెలిసింది. ఆ కథే ఇది.

మేము తెలుగు చెప్పేవాళ్లం. తెలుగు తీసుకున్న పిల్లలు ఎక్కువగా ఉన్నచోట రోజంతా తెలుగే చెబుతాం. ఖరగ్‌పూర్‌లో అలాగే గడిచింది. రైల్వే పుణ్యమా అని అక్కడ తెలుగు కుటుంబాలు తరాలుగా ఉన్నాయి. తెలుగు పిల్లలు తక్కువగా ఉన్నచోట అరేంజ్‌మెంట్ పీరియడ్లు మా వంతుకు ఎక్కువగా వస్తాయి. ఈశాన్యంలో ఉన్నప్పుడు ఒకరోజు ఇంగ్లీషు టీచరుగారు సెలవు పెట్టారు. ఆరో తరగతి పీరియడ్ మాకు వచ్చింది. పాఠం ‘సెంటెన్స్ ప్యాటర్న్స్’, అంటే వాక్య నమూనాలు. పిల్లల చేత ముందు ఏదైనా రాయిద్దామని, “మీ గురించి నాలుగు వాక్యాలు రాయండి” అన్నాం.

మూడో బెంచీలో ఒక తెలుగు పిల్లవాడు ఉండేవాడు. వాళ్ల నాన్న సైన్యంలో పనిచేసేవారు. అది అతనికి నాలుగో బడి. అతను రాసిన నాలుగు వాక్యాలు ఇవి:

మై ఫాదర్ సోల్జర్.
మై నేటివ్ ప్లేస్ శ్రీకాకుళం.
టు మీ టూ సిస్టర్స్.
హియర్ టూ మచ్ రెయినింగ్.

మేము అవి పైకి చదివాం. చదవకుండా ఉండాల్సింది. “టు మీ టూ సిస్టర్స్” దగ్గర తరగతి ఘొల్లుమంది. మేమూ నవ్వాం. తర్వాత ఎర్ర సిరాతో నాలుగు వాక్యాల పక్కనా “వెర్బ్ ఏది?” అని నాలుగుసార్లు రాసి నోట్‌బుక్ ఇచ్చేశాం. అతను దాన్ని మూసి, అట్ట మీద చెయ్యి పెట్టుకుని కూర్చున్నాడు. గంట కొట్టేదాకా ఆ చెయ్యి తియ్యలేదు.

ఆ సాయంత్రం చలి ఎక్కువై స్వెట్టర్ల కోసం ఒక ట్రంకు పెట్టె తెరిచాం. ఎందుకో ఆ నాలుగు వాక్యాలూ మళ్లీ గుర్తొచ్చాయి. ఈసారి తెలుగులో గుర్తొచ్చాయి.

మా నాన్న సైనికుడు.
మాది శ్రీకాకుళం.
నాకు ఇద్దరు చెల్లెళ్లు.
ఇక్కడ వాన ఎక్కువ.

నాలుగూ నిక్షేపంలాంటి తెలుగు వాక్యాలు. ఒక్కదానిలోనూ క్రియ లేదు, అవసరమూ లేదు. వీటినే మనం వ్యాకరణంలో క్రియారహిత వాక్యాలంటాం. అయిదారేళ్లుగా మా తెలుగు తరగతుల్లో బోర్డు మీద రాసి చెబుతున్న పాఠమే అది. తెలుగు చెప్పి బతుకుతున్న మేము, ఒక పిల్లవాడి ఇంగ్లీషు కింద ఉన్న తెలుగు వాక్యాన్ని గుర్తుపట్టలేకపోయాం.

ఆ పిల్లవాడు ఆలోచన లేకుండా రాయలేదు. తన పెట్టె తాను మోసుకొచ్చాడంతే. తరగతిలో నవ్విన పిల్లల్లో ఎక్కువమందిది హిందీ. హిందీలో వాక్యం చివర ‘హై’ అనో ‘హైఁ’ అనో ఉంటుంది కాబట్టి వాళ్లకు ‘ఈజ్’ పెట్టడం తేలిక. తెలుగులో ఆ చోట ఏమీ ఉండదు. తమిళంలోనూ, బెంగాలీలోనూ ఉండదు. “ఆమార్ బాబా సైనిక్” అంటే బెంగాలీలో వాక్యం పూర్తయినట్టే.

అప్పటినుంచి మేము ఇంగ్లీషు వాక్యాన్ని మా పెట్టెలతోనే చెబుతున్నాం. మీకూ అలాగే చెబుతాం, చూడండి.

తెలుగులో ప్రతి మాటా తన పేరు తన మీద రాసుకుని వస్తుంది. ఆ రాతే విభక్తి. “కుక్క పిల్లిని తరిమింది” అనండి. “పిల్లిని కుక్క తరిమింది” అనండి. “తరిమింది కుక్క, పిల్లిని” అనండి. తరిమింది కుక్కే, పరిగెత్తింది పిల్లే. ‘ని’ అనే చిన్న గుర్తు పిల్లికి అతుక్కుని ఉంది కాబట్టి దాన్ని ఎక్కడ కూర్చోబెట్టినా అది ఎవరో తెలుస్తుంది. మా ట్రంకు పెట్టెల్లాగా.

ఇంగ్లీషు మాటల మీద ఆ రాత లేదు. “ద డాగ్ చేజ్డ్ ద క్యాట్” అంటే కుక్క తరిమింది. “ద క్యాట్ చేజ్డ్ ద డాగ్” అంటే పిల్లి తరిమింది. మాటలు అవే, చోట్లు మారాయి, కథ తలకిందులైంది. పేరు లేని పెట్టెను ఏ గదిలో దించితే ఆ గదివాళ్లదే అనుకుంటాం కదా, అలాగ. ఇంగ్లీషులో మాట ఏ చోట కూర్చుందో అదే దాని ఉద్యోగం.

ఒకప్పుడు ఇంగ్లీషు కూడా ఇలా ఉండేది కాదు. వెయ్యేళ్ల క్రితపు ఇంగ్లీషులో నామవాచకాల చివర మన విభక్తుల్లాంటి ప్రత్యయాలుండేవి. కాలక్రమంలో అవి అరిగిపోయాయి. గుర్తులు పోయిన కొద్దీ వరస గట్టిపడింది. పాత రంగు ఇంకా చెరగని పెట్టెలు కొన్ని మిగిలాయి: హి–హిమ్, షి–హర్, వుయ్–అస్. ‘హిమ్’ను చూడగానే ఇది కర్త కాదు అని మీకు తెలిసిపోతుంది. అది ఆ పాత రాత.

ఇక చోట్ల లెక్క. రైలు పెట్టెలో బెర్తుల్లాగా ఇంగ్లీషు వాక్యంలోనూ చోట్లు ఉంటాయి. మొదటిది సబ్జెక్ట్, అంటే కర్త. రెండోది వెర్బ్, అంటే క్రియ. ఆ తర్వాత ఎన్ని చోట్లు కావాలో నిర్ణయించేది క్రియే. మన బదిలీ సామానుతోనే చూద్దాం.

మొదటి నమూనా: ద ట్రెయిన్ స్టాప్డ్. కర్త, క్రియ, అంతే. రైలు ఆగింది. ఇంకేమీ అక్కర్లేదు.

రెండోది: ఫాదర్ ప్యాక్డ్ ద బాక్సెస్. కర్త, క్రియ, కర్మ. ‘ప్యాక్డ్’ అనగానే వేటిని అనే ప్రశ్న వస్తుంది. దానికి జవాబు కర్మ, అంటే ఆబ్జెక్ట్.

మూడోది: మై ఫాదర్ ఈజ్ ఎ సోల్జర్. కర్త, క్రియ, పూరకం. ఫాదర్, సోల్జర్ ఇద్దరు కాదు, ఒక్కరే. కర్త ఎవరో, ఎలాంటివారో చెప్పే ఈ మూడో చోటును కాంప్లిమెంట్ అంటారు.

నాలుగోది: వుయ్ లివ్ ఇన్ ఎ క్వార్టర్. కర్త, క్రియ, చోటు చెప్పే మాట. దీన్ని అడ్వర్బియల్ అంటారు. ‘వుయ్ లివ్’ అని ఆపేస్తే బతికే ఉన్నాం అన్నట్టు వినిపిస్తుంది. ఎక్కడో చెబితేనే నివాసం అనే అర్థం వస్తుంది.

అయిదోది: మదర్ గేవ్ మీ ఎ బుక్. ఎవరికి, ఏమిటి అనే రెండు కర్మలున్నాయి. ఇచ్చే, పంపే, చెప్పే క్రియలు తరచు ఇలా రెండు చోట్లు అడుగుతాయి.

ఆరోది: దే కాల్డ్ హిమ్ ‘న్యూ బాయ్’. ఇక్కడ కర్మ, ఆ కర్మ ఎవరో చెప్పే పూరకం ఉన్నాయి. ఈ వాక్యం మనలో ఎవరికీ కొత్త కాదు.

ఏడోది: ఫాదర్ పుట్ ద ట్రంక్ అండర్ ద బెర్త్. కర్మా కావాలి, చోటూ కావాలి. ‘ఫాదర్ పుట్ ద ట్రంక్’ అని ఆపి చూడండి. ఎక్కడ అని మీరే అడుగుతారు. ‘పుట్’ అనే క్రియ ఆ చోటు నిండేదాకా ఊరుకోదు.

అయిదో నమూనాకూ ఆరో నమూనాకూ మధ్య ఒక తమాషా ఉంది. “షి మేడ్ హిమ్ ఎ కేక్”, “షి మేడ్ హిమ్ ఎ లీడర్” అనే రెండు వాక్యాలు చూడండి. ఇంగ్లీషులో రెండింటి వరసా ఒకటే. అతను కేకు కాదు కాబట్టి మొదటిది అయిదో నమూనా. అతనే లీడర్ కాబట్టి రెండోది ఆరో నమూనా. అంతా మనసులో తేల్చుకోవాలి. తెలుగులో “అతనికి కేకు చేసింది”, “అతన్ని నాయకుణ్ని చేసింది” అంటాం. ‘కి’, ‘ని’ అనే రాతలు చూస్తే చాలు, తేడా తెలిసిపోతుంది.

ఈ నమూనాలను ఎవరు లెక్కపెట్టారు అని ఒక అమ్మాయి మమ్మల్ని అడిగింది. మంచి ప్రశ్న. 1904లో ఆనియన్స్ అనే ఆయన తన వ్యాకరణంలో అయిదు రకాలు చూపించారు. 1985లో క్వర్క్, గ్రీన్‌బామ్, లీచ్, స్వార్ట్‌విక్ అనే నలుగురు కలిసి రాసిన పెద్ద వ్యాకరణంలో ఏడు చూపించారు. మేము పైన చెప్పినవి ఆ ఏడే. ఈ మధ్యలో హార్న్‌బీ అనే ఆయన 1954లో ప్రచురించిన పుస్తకంలో క్రియను బట్టి 25 నమూనాలు ఇచ్చారు. వాక్యాలు పెరగలేదు, తగ్గలేదు. ఒకరు గదులు లెక్కపెడితే ఇంకొకరు అలమరలు కూడా లెక్కపెట్టారు.

వీళ్లలో మాకు ఇష్టమైనవారు హార్న్‌బీ. ఆయన ఇంగ్లండు నుంచి జపాను వెళ్లి అక్కడి పిల్లలకు ఇంగ్లీషు చెప్పిన ఉపాధ్యాయుడు. జపనీస్‌లోనూ తెలుగులో లాగే క్రియ వాక్యం చివర వస్తుంది. ‘గివ్’ తర్వాత ఏం రావాలి, ‘పుట్’ తర్వాత ఏం రావాలి అన్నది లండన్‌లో పుట్టిన పిల్లకు ఎవరూ చెప్పక్కర్లేదు. జపాన్ పిల్లకు చెప్పాలి. ఆయన మరో ఇద్దరితో కలిసి తయారుచేసిన నిఘంటువు 1942లో టోక్యోలోనే మొదట అచ్చయింది. మీ బడి లైబ్రరీలో ఉండే ఆక్స్‌ఫర్డ్ అడ్వాన్స్‌డ్ లెర్నర్స్ డిక్షనరీకి మూలం అదే. పుట్టిపెరిగిన ఊళ్లో ఎవరికీ మ్యాపు అక్కర్లేదు. కొత్తగా దిగినవాళ్లకే కావాలి. ఈ నమూనాలు కొత్తగా దిగినవాళ్ల కోసం గీసిన మ్యాపు. అంటే మనలాంటివాళ్ల కోసం.

ఇప్పుడు ఆ పిల్లవాడి నాలుగు వాక్యాల దగ్గరికి వద్దాం. వాటిలో తెలుగు పిల్లలు తడబడే మూడు చోట్లూ ఉన్నాయి.

మొదటి చోటు ‘ఈజ్’. “మా నాన్న సైనికుడు” అన్నప్పుడు తెలుగు ఇద్దరినీ పక్కపక్కన నిలబెట్టి ఊరుకుంటుంది. ఇంగ్లీషులో క్రియ బెర్తు ఖాళీగా ఉంటే వాక్యం కదలదు. చెప్పడానికి పనేమీ లేకపోయినా అక్కడ ఎవరో ఒకరు కూర్చోవాలి. ఆ కూర్చునేవాళ్లే యామ్, ఈజ్, ఆర్.

రెండో చోటు ‘నాకు’. నాకు ఇద్దరు చెల్లెళ్లు, నాకు ఆకలిగా ఉంది, నాకు జ్వరం వచ్చింది, నాకు తెలుగు వచ్చు. తెలుగులో ఇవన్నీ మన దగ్గరికి వచ్చేవి, మనకు ఉండేవి. మనం చేసేవి కావు. అందుకే ‘నేను’ పక్కకు జరిగి ‘నాకు’ అవుతుంది. ఇంగ్లీషు ఆ మర్యాద పాటించదు. “ఐ హ్యావ్ టూ సిస్టర్స్”, “ఐ యామ్ హంగ్రీ”, “ఐ హ్యావ్ ఎ ఫీవర్”, “ఐ నో తెలుగు” అని ‘ఐ’ని తీసుకొచ్చి కర్త చోట కూర్చోబెడుతుంది. ‘నాకు’ కనిపించగానే ‘టు మీ’ అని రాసెయ్యకండి. ఇంగ్లీషులో ఇక్కడ కర్త చోట ఎవరు కూర్చుంటారు అని ముందు అడగండి.

మూడో చోటు ‘ఇట్’. వాన పడుతోంది అంటే తెలుగులో పడేది వానే. ఇంగ్లీషులో ‘రెయిన్’ క్రియగా మారిపోయింది కాబట్టి కర్త చోటు ఖాళీ అయిపోయింది. మన ఊళ్లలో బస్సు రాగానే కిటికీలోంచి కర్చీఫ్ వేసి సీటు ఆపుతారు చూడండి. “ఇట్ ఈజ్ రెయినింగ్”లో ‘ఇట్’ ఆ కర్చీఫే. అందులో మనిషి లేడు. చోటు మాత్రం ఆగింది. ‘ఇట్’ అంటే ఏది అని వెతక్కండి, దొరకదు.

ఈ కర్చీఫ్ కథ చెప్పినప్పటినుంచి మా తరగతిలో ‘ఇట్’ మరిచిపోయేవాళ్లు బాగా తగ్గారు. మరిచిపోతే వెనక బెంచీవాళ్లు “కర్చీఫ్! కర్చీఫ్!” అని అరుస్తారు.

దీనికి రెండో వైపు కూడా ఉంది. ఇంగ్లీషు నమూనా తెలుగులోకి వస్తే ఏమవుతుందో మా ఇంట్లోనే చూశాం. మా అమ్మాయి జోధ్‌పూర్‌లో ఉన్నప్పుడు తెనాలి దగ్గర పల్లెలో ఉండే వాళ్ల అమ్మమ్మకు ఫోన్ చేసి, “అమ్మమ్మా, నేను నిన్ను చాలా మిస్ అవుతున్నాను” అంది.

అవతల ఒక్క క్షణం చప్పుడు లేదు. తర్వాత అమ్మమ్మ గొంతు వినిపించింది. “నేనెక్కడ మిస్సయ్యానే తల్లీ? ఇక్కడే ఉన్నాగా, వాకిట్లో!”

ఆవిడకు తెలిసిన ‘మిస్సవడం’ బస్సుది, లేదంటే తప్పిపోయిన మేకది. మేము పడీపడీ నవ్వాం. కానీ మా అమ్మాయి ముఖం చిన్నబోయింది. దాని మనసులో ఉన్నది నిజమే. అమ్మమ్మకు అది చేరలేదు. అప్పుడు చెప్పాం: “నువ్వు గుర్తొస్తున్నావు అమ్మమ్మా, అను.” అంది. అవతలనుంచి ముక్కు చీదిన చప్పుడు వినిపించింది. “ఎప్పుడొస్తారే?” అందావిడ.

ఇంగ్లీషులో “ఐ మిస్ యూ” అంటే ‘ఐ’ కర్త, ‘యూ’ కర్మ. తెలుగులో గుర్తుకు వచ్చేది అమ్మమ్మ. ఆవిడే కర్త. అంతదూరంలో వాకిట్లో కూర్చున్న మనిషి జోధ్‌పూర్ క్వార్టరుకు నడిచి వస్తుంది. రెండు భాషలూ చెప్పేది ఒకే బాధ. ఎవరిని ఏ చోట కూర్చోబెడతాయన్నదే తేడా. ఇప్పుడు వాళ్లిద్దరి మధ్య అదొక ఆట అయిపోయింది. ఫోన్ ఎత్తగానే మా అమ్మాయి “అమ్మమ్మా, మిస్సయ్యావా?” అంటుంది. “లేదే, ఇక్కడే ఉన్నా” అంటుంది అమ్మమ్మ.

మా దగ్గర తెలుగు వ్యాసాలు రాసే పిల్లలూ ఇలాగే తడబడతారు. “నేను ఒక పెద్ద కుటుంబాన్ని కలిగి ఉన్నాను” అని రాస్తారు. “మాది పెద్ద కుటుంబం” అంటే సరిపోతుంది. ‘ఐ హ్యావ్’ను మోసుకొచ్చి తెలుగు గదిలో దించారన్నమాట. వాళ్లనూ మేము కోప్పడం. ఆ పెట్టె ఏ ఊరినుంచి వచ్చిందో చూపించి, దాని గదిలో దాన్ని పెట్టమంటాం. రెండు భాషలు, రెండు గదులు. రెండింటిలోనూ సామాను సర్దడం వచ్చినవాళ్లకు ఏ ఊరు వెళ్లినా ఇబ్బంది ఉండదు.

ఇక ఆ పిల్లవాడు. స్వెట్టర్లు తీసిన రాత్రే అనుకున్నాం, మర్నాడు అతనితో మాట్లాడాలని. మర్నాటికి ఇంగ్లీషు టీచరుగారు వచ్చేశారు. అతను సంస్కృతం తీసుకున్నాడు కాబట్టి మా తెలుగు తరగతికి రాడు. అసెంబ్లీలో వరసలో కనిపించేవాడు. మమ్మల్ని చూస్తే తల దించుకునేవాడు. రేపు పిలుద్దాంలే అనుకునేవాళ్లం. అర్ధసంవత్సర పరీక్షలొచ్చాయి. యాన్యువల్ డే వచ్చింది. జనవరిలో ఒక సోమవారం మూడో బెంచీలో ఆ చోటు ఖాళీగా కనిపించింది. నాన్నకు ఆర్డర్లొచ్చాయనీ, శుక్రవారమే టీసీ తీసుకున్నారనీ క్లాస్ టీచర్ చెప్పారు. ఎక్కడికి అని అడిగితే పిల్లల్లో కొందరు రాజస్థాన్ అన్నారు, కొందరు పంజాబ్ అన్నారు.

మనలాంటి బళ్లలో ‘రేపు’ అనే మాటను నమ్మకూడదని మాకు అప్పటికే తెలిసి ఉండాలి.

బాబూ, ఇప్పుడు నువ్వు తొమ్మిదో తరగతిలో ఉంటావు. ఈ పుట ఎప్పుడైనా నీ కంటపడుతుందేమోనని రాస్తున్నాం. ఆ రోజు ఎర్ర సిరాతో మేము రాయాల్సింది ఇది:

మై ఫాదర్ ఈజ్ ఎ సోల్జర్. ఇది కర్త, క్రియ, పూరకం. నువ్వు రాసినదాంట్లో తక్కువైంది చిన్న క్రియ, ఒక ‘ఎ’. ఆ రెండూ తెలుగులో ఉండవు.

మై నేటివ్ ప్లేస్ ఈజ్ శ్రీకాకుళం. ఇదీ అదే నమూనా. తెలుగులో నువ్వు “మాది శ్రీకాకుళం” అంటావు. అందులో క్రియ లేదు కాబట్టి కాలం కూడా లేదు. ఒకప్పుడు ఉండేవాళ్లమా, ఇప్పుడు ఉన్నామా, రేపు వెళతామా అని ఎవరూ అడగరు. వేసవి సెలవుల్లో తప్ప నువ్వు ఆ ఊళ్లో ఉండకపోయినా ఆ వాక్యం తప్పు కాదు. అది నీ పెట్టె మీద పై వరసలో రాసిన పేరు. దాని మీద ఎవరూ రంగు పూయరు.

ఐ హ్యావ్ టూ సిస్టర్స్. ఇది కర్త, క్రియ, కర్మ. ‘నాకు’ను వదిలి ‘ఐ’ అనడం మొదట్లో వింతగానే ఉంటుంది. అలవాటవుతుంది.

ఇట్ రెయిన్స్ టూ మచ్ హియర్. ఇక్కడ కర్చీఫ్ వెయ్యాలి. నిజానికి ఆ ఊరి వాన సంగతి నువ్వు సరిగ్గానే రాశావు.

నాలుగింటికీ నాలుగు మార్కులు ఇవ్వాల్సింది కాదు. రెండు ఇవ్వాల్సింది. ఆ రెండూ ఇవ్వకపోగా నవ్వాం.

ఆ నవ్వు గురించి ఒక్క మాట. తెలుగులో ‘మేము’ వేరు, ‘మనం’ వేరు. వింటున్నవాళ్లను కలుపుకుంటే మనం, వదిలేస్తే మేము. ఇంగ్లీషులో రెండింటికీ ‘వుయ్’ ఒక్కటే. “వుయ్ లాఫ్డ్” అని రాస్తే నువ్వు కూడా మాతో కలిసి నవ్వావేమో అనుకోవచ్చు. తెలుగులో అలా తప్పించుకోలేం. ఆ రోజు నవ్వింది మేము. అందులో నువ్వు లేవు.

పిల్లలూ, ఈ ఏడు మీ తరగతిలో కొత్తగా ఎవరైనా చేరి ఉంటారు. వాళ్లు రాసిన ఇంగ్లీషు వాక్యం వింతగా ఉంటే, నవ్వే ముందు ఒక్కటి అడగండి: “మీ భాషలో దీన్ని ఎలా అంటారు?” వాళ్లు చెప్పింది వినండి. తర్వాత ఆ వాక్యంలో ఏ చోటు ఖాళీగా ఉందో కలిసి వెతకండి. అలా వెతికిన రోజు మీరు “మా క్లాసు” అనడం మానేసి, వాళ్లతో “మన క్లాసు” అంటారు.